డివిట్ క్లింటన్ జీవితం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. 1769లో పుట్టాడు, న్యూయార్క్ మేయరయ్యాడు, గవర్నరయ్యాడు, ఈరీ సరస్సుని హడ్సన్ నదితో కలిపే ఈరీ కాలువ తవ్వించాడు, 1828లో పోయాడు. అన్నీ నిజాలే, కానీ మనిషేడీ? సన్మానపత్రం చదివినట్టుంది.

నేనైతే 1824 ఏప్రిల్‌తో మొదలుపెడతాను. కాలువ పని చివరికొచ్చింది, క్లింటన్ ఏళ్ల తరబడి జీతం లేకుండా కాలువ కమిషన్‌లో పనిచేస్తున్నాడు, సరిగ్గా అప్పుడు ఆయన రాజకీయ ప్రత్యర్థి మార్టిన్ వాన్ బ్యూరెన్ వర్గం వాళ్లు శాసనసభలో తీర్మానం పెట్టి ఆయన్ని ఆ పదవి నుంచి పీకేశారు. పీడా వదిలిందనుకున్నారు. జనానికి మాత్రం ఒళ్లు మండింది, సభలు పెట్టి తిట్టారు, నవంబర్‌కల్లా ఆయన్నే మళ్లీ గవర్నర్ని చేశారు! మరుసటి ఏడాది కాలువ తెరిచినప్పుడు ఈరీ సరస్సు నీళ్లు పడవ మీద తెచ్చి న్యూయార్క్ దగ్గర సముద్రంలో పోసింది కూడా ఆయనే. ఇంత డ్రామా ఉంటే పుట్టిన తేదీతో ఎందుకు మొదలుపెట్టావు?

అలాగని మరీ జాలిపడిపోకు. చిన్నాన్న జార్జ్ క్లింటన్ 1801లో మళ్లీ గవర్నరయ్యాక, ఉద్యోగాలు పంచే మండలిలో కూర్చుని ఎదుటి పార్టీ వాళ్లని పదవుల నుంచి ఊడబెరికింది ఈయనే. పైగా అహంభావి. ఇది దాచిపెడితే 1824 నాటి దెబ్బ ఎక్కణ్ణుంచి వచ్చిందో పాఠకుడికి అర్థం కాదు.

కాలువ మొత్తం ఈయన బుర్రలోంచే పుట్టినట్టు రాశావు, అది తప్పు. జెస్సీ హాలీ అనే వ్యాపారి అప్పులు తీర్చలేక జైల్లో ఉంటూ 1807లోనే దాని గురించి పత్రికకు వ్యాసాలు రాశాడు. కాలువ పొడవు 363 మైళ్లు, నలభై అడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. తవ్వినవాళ్లలో ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలూ ఉన్నారు. వాళ్లకి ఒక పేరా ఇవ్వు. క్లింటన్ గొప్పతనం ఊహలో కంటే, అందరూ 'క్లింటన్ గుంట' అని ఎగతాళి చేస్తున్నా డెబ్భై లక్షల డాలర్ల పనికి రాష్ట్రాన్ని ఒప్పించడంలో ఉంది.

గవర్నర్‌గా ఉండగానే అప్పుల్లో పోయాడు, సమాధికి డబ్బుల్లేక శవాన్ని ఏళ్లపాటు వేరేవాళ్ల కుటుంబ సమాధిలో ఉంచారు. ఇది రెండు వాక్యాల్లో చెప్పి ఊరుకో, 'విధి ఆడిన వింత నాటకం' లాంటివి కొట్టెయ్.

మేయర్‌గిరీ భాగం సగానికి తగ్గించు, కానీ 1805లో పేద పిల్లల ఉచిత బడుల కోసం పెట్టిన సంఘం సంగతి మాత్రం వదలకు. తిరగరాసి పంపు, చూస్తాను.