కూవాఖ్ట్‌లో కాపురం: డచ్చి నేర్చుకున్నా ఊరి మాట అర్థం కాకపోతే

నెదర్లాండ్స్‌లోని టెర్నూజెన్ అనే పట్టణంలో ఉన్న రసాయన కర్మాగారంలో ఉద్యోగం దొరికిన ఒక తెలుగు యువకుడు నన్ను ఇలా అడిగారు: "కూవాఖ్ట్ అనే ఊళ్లో మాకు నచ్చిన ఇల్లు దొరికిందండీ. కానీ మా ఆవిడా నేనూ ఏడాదిపాటు నేర్చుకున్న డచ్చి అక్కడ ఒక్క ముక్క కూడా పనికిరాలేదు. ఆ ఊళ్లో మేము నెగ్గుకురాగలమా?" నిస్సంకోచంగా నెగ్గుకురాగలరు. అయితే ఆ ఊరి సంగతి కొంత తెలుసుకుని వెళ్లడం మంచిది.

కూవాఖ్ట్ ఒకే ఊరు, కానీ రెండు దేశాల్లో ఉంది. ఉత్తరపు సగం నెదర్లాండ్స్‌లోని టెర్నూజెన్ పురపాలక పరిధిలోను, దక్షిణపు సగం బెల్జియంలోను ఉన్నాయి. స్పెయిన్‌తో 1648లో కుదిరిన మ్యూన్‌స్టర్ ఒప్పందంతో, ఫ్లాండర్స్ అనే ప్రాంతపు ఉత్తరపు అంచు డచ్చి గణతంత్రానికే (నేటి నెదర్లాండ్స్‌కు పూర్వరూపం) మిగిలిపోయింది గాని, అక్కడి జనం మాట్లాడే తూర్పు ఫ్లెమిష్ (ఫ్లాండర్స్ తూర్పు భాగపు డచ్చి) యాస మాత్రం సరిహద్దుకు ఇరువైపులా ఒక్కటిగానే ఉండిపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, బెల్జియాన్ని ఆక్రమించిన జర్మన్లు ఈ సరిహద్దు పొడవునా 2,000 వోల్టుల విద్యుత్ కంచె వేసి రాకపోకలను ఆపారు; ఆ కంచె పోయాక చుట్టరికాలు మళ్లీ మామూలుగానే సాగాయి. ఇప్పుడు మీరు ఏ దేశంలో నిలబడ్డారో తెలుసుకోవాలంటే ఇళ్ల ముందున్న కార్లను చూడవలసిందే: పసుపు నంబరు పలక ఉంటే నెదర్లాండ్స్, తెల్లదానిపై ఎర్ర అక్షరాలుంటే బెల్జియం.

ఇక భాష సంగతి. మీరు నేర్చుకున్నది వార్తల్లో వినిపించే డచ్చి. వార్తల తెలుగు మాత్రమే నేర్చుకున్న పరదేశీయుడు శ్రీకాకుళం పల్లెలో దిగితే ఏమవుతుందో, మీకు అక్కడ అదే అయింది. అక్కడి పెద్దవాళ్లు పదం మొదటనున్న హకారాన్ని మింగేస్తారు కనుక, చెయ్యి అనే అర్థమున్న 'హాంట్' వారి నోట 'ఆంట్' అవుతుంది. పుస్తకంలో చనువుకొకటి, గౌరవానికొకటి అని నేర్పిన సర్వనామాలకు బదులు అందరినీ 'ఖెయ్' అనే పిలుస్తారు. దానిలో అమర్యాద ఏమీ లేదు, కాబట్టి నొచ్చుకోకండి.

నన్ను అన్నిటికంటే తికమకపెట్టినది అవును, కాదు అనే మాటలే. తూర్పు ఫ్లాండర్స్ పల్లెల్లో ఆ మాటలకు కూడా కర్తను బట్టి ప్రత్యయాలు చేరతాయి: తనను గురించి అడిగితే 'యాక్', 'నేక్' అంటారు, ఒక వస్తువును గురించి అడిగితే 'యాట్', 'నేట్' అంటారు. మా పక్కింటి పెద్దాయనను "మీరు రైతా?" అని అడిగినప్పుడు ఆయన "నేక్" అనగానే, అదేదో కొత్త పదమనుకుని నిఘంటువంతా వెతికాను. తీరా చూస్తే అది మన 'కాను' లాంటిదే. కాను, కావు, కాము, కాదు అని చిన్నప్పటినుంచి అంటున్న తెలుగువారికి ఈ పద్ధతి ఇంగ్లీషువారికంటే త్వరగా పట్టుబడుతుంది.

ఆ యాసను అనుకరించబోకండి. కొత్తవాళ్ల నోట అది వెక్కిరింపులా వినిపించవచ్చు. మీరు నేర్చుకున్న డచ్చిలోనే నిదానంగా మాట్లాడండి. వారికది బడిలో నేర్చిన భాషే గనుక అర్థం చేసుకుంటారు. మళ్లీ చెప్పమంటే చాలామంది మీ కోసం ఆ భాషలోకే మారతారు. చెవికి అలవాటు కావాలంటే రొట్టెల దుకాణంలో వరుసలో నిలబడి ముందువాళ్ల మాటలు వినడాన్ని మించిన తరగతి నాకు దొరకలేదు.

కాగితాల విషయంలో మాత్రం ఈ ఊరిని ఒక్కటిగా అనుకోకండి. మీ ఉద్యోగం, నివాస అనుమతి నెదర్లాండ్స్‌వైతే, వీధి చివర బెల్జియం ఇల్లు ఎంత చౌకగా వచ్చినా, వలస కార్యాలయంలో అడగకుండా ఒప్పందంపై సంతకం చేయవద్దు. ఒక దేశమిచ్చిన అనుమతితో పక్కదేశంలో కాపురం పెట్టే హక్కు దానంతట అదే రాదు. ఉత్తరపు సగంలో దిగితే 5 రోజుల్లోగా టెర్నూజెన్ పురపాలక కార్యాలయంలో పేర్లు నమోదు చేయించుకోండి, 4 నెలల్లోగా ఆరోగ్య బీమా తీసుకోండి. ఆ కార్యాలయంలో మీకు వినిపించేది మీరు నేర్చుకున్న డచ్చే.