పుష్‌రాడ్ జారిపోతుంటే ఫ్యూయల్ పంప్ బిగించడం ఎలా?

అన్నా, మీ 1969 షెవర్లే కమారో కారు 350 ఇంజన్‌లో ఆయిల్‌కి పెట్రోల్ వాసన వస్తోందని, కొత్త ఫ్యూయల్ పంప్ పెట్టబోతే దాన్ని నడిపే పుష్‌రాడ్ కిందికి జారుతోందని రాశారు కదా. రెండూ తేలిగ్గానే తీరతాయి.

ముందు వాసన సంగతి. ఇంజన్‌లో తిరిగే క్యామ్‌షాఫ్ట్ అనే ఇరుసు మీది ఎక్సెంట్రిక్ (పక్కకి జరిగి ఉండే గుండ్రటి భాగం) పుష్‌రాడ్‌ని నెడితే, ఆ రాడ్ పంప్ లివర్‌ని కదిపి, పంప్ లోపల డయాఫ్రమ్ అనే పలచటి పొరని లాగుతుంది. అప్పుడు ట్యాంక్ నుంచి పెట్రోల్ లోపలికొస్తుంది. తిరిగి కార్బురేటర్‌కి తోసేది మాత్రం లోపలి స్ప్రింగే, అందుకే ప్రెషర్ ఆ స్ప్రింగ్ బలాన్ని బట్టి ఉంటుంది. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ నేరుగా ఆయిల్‌లోకి దిగుతుంది. మీ పాత పంప్‌లో జరిగింది బహుశా ఇదే. దయచేసి ఆయిల్, ఫిల్టర్ మార్చకుండా ఇంజన్ స్టార్ట్ చేయకండి. పలచబడ్డ ఆయిల్ బేరింగులను తినేస్తుంది.

ఇక రాడ్. ఇంజన్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ రాడ్ బాగా పైకి వెళ్ళే చోట ఆపండి. తర్వాత దాన్ని బయటికి తీసి, తుడిచి, చిక్కటి గ్రీజు దట్టంగా పూసి పైకి తోయండి. పంప్ పెట్టేదాకా అతుక్కుని ఉంటుంది. నేనైతే ఇంజన్ బ్లాక్ ముందు వైపు, ప్యాసింజర్ పక్కనుండే పై బోల్ట్ తీసి, అదే మరలో పొడవాటి బోల్ట్‌ని వేళ్ళతోనే బిగించి రాడ్‌ని ఆపుతాను. స్పానర్ వాడొద్దు, రాడ్‌కి గీత పడుతుంది. పంప్ బిగించాక పాత పొట్టి బోల్ట్ తప్పకుండా తిరిగి పెట్టండి, లేకపోతే రాడ్ కదలదు.