కిటికీలు, ఎండ, బ్లైండ్స్: మీ ప్రశ్నలకు జవాబులు

కిటికీలకి ఏం వేయించాలని ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. ‘ఏ బ్లైండ్స్ మంచివండీ?’ అని ఒక్క ముక్కలో అడిగేసినవాళ్లే ఎక్కువ. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పడగ్గదికి బాగున్నది వంటింట్లో నాలుగు రోజులకే జిడ్డు పట్టేస్తుంది, హాల్లో పగలంతా బ్రహ్మాండంగా ఉన్నది రాత్రయ్యేసరికి మిమ్మల్ని వీధిలో నిలబెడుతుంది. కిటికీ ఏ దిక్కున ఉంది, ఎండ ఎన్నింటికి పడుతుంది, ఆ వేళకి ఆ గదిలో మీరేం చేస్తుంటారు అన్నది రాసినవాళ్లకి మాత్రం వివరంగా చెప్పగలిగాను. మిగతావాళ్లు వీటిలో మీ కిటికీ ఏదో వెతుక్కోండి.

ప్రశ్న: మా హాలుకి పడమర వైపు పెద్ద కిటికీ. పైన సన్‌షేడ్ ఉంది, అయినా మూడు దాటితే గది పొయ్యి మీద పెనంలా ఉంటుంది. ముదురు గోధుమ రంగులో మందపాటి కర్టెన్లు వేశాం. చీకటైతే అవుతోంది కానీ వేడి తగ్గడం లేదు. ఇంకా మందంగా ఉండేవి వేయించాలా?

జవాబు: వద్దు, డబ్బు దండగ. నాలుగు గంటలప్పుడు ఆ కర్టెన్‌కి అద్దం వైపు చెయ్యి ఆనించి చూడండి, చురుక్కుమంటుంది. అద్దం దాటి వచ్చిన ఎండని ముదురు రంగు బట్ట పీల్చుకుంటుంది, తను వేడెక్కుతుంది, ఆ వేడిని తిరిగి మీ గదికే ఇస్తుంది. వెలుగు ఆగింది కాబట్టి ఎండ ఆగిందనిపిస్తుంది, అంతే. లోపల వేసే ఏ తెరైనా వేడి తగ్గించాలంటే, ఎండ వేడిగా మారకముందే దాన్ని వచ్చిన దారినే అద్దంలోంచి బయటికి తిప్పికొట్టాలి. అంటే అద్దం వైపు తెల్లగానో, వెండిరంగు పూతతోనో ఉండాలి. గది వైపు మీ గోధుమ రంగే ఉండనివ్వండి, ఇబ్బంది లేదు. ఇప్పుడున్న కర్టెన్‌కి వెనకాల తెల్లటి లైనింగ్ కుట్టించినా కొంత తేడా తెలుస్తుంది.

తెర అద్దానికి దగ్గరగా ఉండి, పక్కల, పైన సందు తక్కువ ఉంటే ఇంకా మంచిది. ఎందుకంటే అద్దానికీ తెరకీ మధ్య వేడెక్కిన గాలి పైకి లేచి పై సందులోంచి గదిలోకి దిగుతుంది. ఇక సన్‌షేడ్ సంగతి. నడినెత్తిన ఉన్న ఎండని అది ఆపగలదు, సాయంత్రం ఏటవాలుగా కిందినుంచి వచ్చే ఎండకి అది అడ్డే కాదు. తూర్పు కిటికీలకి పొద్దున పూట ఇదే బాధ.

అసలు మందు కిటికీ బయట ఉంది. బయట వేసే స్క్రీన్ గానీ, చెక్క రెక్కల షట్టర్ గానీ, చివరికి ఒక వెదురు తడిక గానీ, ఎండని అద్దం దాకా రానివ్వదు కాబట్టి లోపలి తెర ఎంత ఖరీదైనదైనా దాని ముందు దిగదుడుపే. గాలి గట్టిగా వీచినప్పుడు చుట్టేయాలి, వానకీ దుమ్ముకీ తొందరగా మాసిపోతుంది, అదొక్కటే తలనొప్పి. అపార్ట్‌మెంట్ అయితే బయట ఏదైనా తగిలించే ముందు అనుమతి ఉందో లేదో కనుక్కోండి. లోపలిదైనా బయటిదైనా ఎండ కిటికీ మీదికి రాకముందే దించండి. గది కాగిపోయాక దించితే ఏం లాభం?

ప్రశ్న: నాకు నైట్ డ్యూటీ, పగలు నిద్రపోవాలి. వంద శాతం బ్లాకౌట్ అని చెప్పి గొట్టానికి చుట్టుకునే రోలర్ బ్లైండ్ ఇచ్చారు. గదిలో పేపరు చదువుకునేంత వెలుగు ఉంటోంది. నన్ను మోసం చేశారా?

జవాబు: బట్ట విషయంలో చేసి ఉండకపోవచ్చు. చీకట్లో ఫోన్ టార్చ్ వేసి బట్ట వెనక పెట్టి చూడండి, వెలుగు రాకపోతే బట్ట నిఖార్సైనదే. బ్లాకౌట్ అన్న మాట బట్టకి సంబంధించింది, కిటికీకి కాదు. రోలర్ బ్లైండ్‌లో గొట్టానికి రెండు చివర్లా బ్రాకెట్లు, ఒక పక్క చైన్ తిరిగే చక్రం ఉంటాయి, వాటికి చోటు వదిలి బట్టని కత్తిరిస్తారు. దాంతో ఫ్రేమ్ లోపల బిగించినప్పుడు రెండు పక్కలా వేలు పట్టేంత సందు మిగులుతుంది. పట్టపగలు ఆ నిలువు గీత చాలు, గది మొత్తానికి.

దాన్ని ఊడదీసి ఫ్రేమ్ బయట, గోడ మీద బిగించుకోవచ్చా అంటే, మీ దగ్గరున్నది లోపలి కొలతకి కోసింది కాబట్టి చాలదు. కొత్తది చేయిస్తే మాత్రం కిటికీ కంటే పక్కలకి ఒక్కోవైపు 5 నుంచి 8 సెంటీమీటర్లు ఎక్కువ పెట్టి, పైన కూడా ఆ మాత్రం ఎత్తున గోడకి బిగించమనండి. లేదా ఫ్రేమ్ లోపలే ఉంచి పక్కల్లో బట్ట అంచు దూరి కదిలే గాడులు, అదే సైడ్ చానెల్స్, వేయించుకోండి. ఇవేవీ కుదరకపోతే ఉన్న బ్లైండ్ మీదే ఒక మందపాటి కర్టెన్ దింపండి, రాడ్ చివరలు గోడ వైపు వంగి ఉండేది చూసుకుంటే పక్క సందులు మూసుకుంటాయి. రెండు పొరలతో చాలామందికి సరిపోతుంది. తలుపు కింద వెలుగు వస్తుంటే ఒక పాత తువ్వాలు అడ్డం పెట్టండి, దానికి షాపుకెళ్లక్కర్లేదు.

పడగ్గదికి జీబ్రా బ్లైండ్స్ గురించి కూడా అడిగారు. పల్చటి పట్టీ, మందపాటి పట్టీ ఒకదాని తర్వాత ఒకటి ఉండే రకం అవి. చూడ్డానికి బాగుంటాయి, పట్టీలు ఒకదాని మీదికి ఒకటి జరిపి వెలుగు తగ్గించుకోవచ్చు. కానీ పూర్తిగా మూసినా పట్టీల అంచుల్లోంచి సన్నటి గీతలు వస్తూనే ఉంటాయి. పగటి నిద్ర వాళ్లకి వద్దు.

ప్రశ్న: మాది గ్రౌండ్ ఫ్లోర్, కిటికీ సరిగ్గా వీధి మీదికే. ‘మీకు బయట కనిపిస్తుంది, బయటివాళ్లకి మీరు కనపడరు’ అని చెప్పి సన్‌స్క్రీన్ రోలర్లు అమ్మారు. పగలు నిజమే. రాత్రి లైటేస్తే మేం టీవీలో ఏం చూస్తున్నామో ఎదురింటివాళ్లకి తెలిసిపోతోంది.

జవాబు: అమ్మినాయన సగం నిజం చెప్పి ఆపేశాడు. చీకటి వైపు ఉన్నవాళ్లకి వెలుగు వైపు కనిపిస్తుంది, జల్లెడలా అల్లిన ఆ బట్ట చేసే గారడీ అంతా ఇంతే. పగలు వెలుగు బయట ఉంది, మీరు చూస్తారు. రాత్రి వెలుగు మీ దగ్గరుంది, వాళ్లు చూస్తారు. ఏ కంపెనీ బట్టయినా ఇందులో మార్పేమీ ఉండదు.

ఈ బట్టలకి 1 శాతం, 3 శాతం, 5 శాతం, 10 శాతం అని ఒక లెక్క ఉంటుంది, అల్లికలో ఖాళీ ఎంత ఉందన్నది అది. అంకె పెరిగేకొద్దీ బయట దృశ్యం బాగా కనిపిస్తుంది, ఎండా ఎక్కువే వస్తుంది, రాత్రి గుట్టూ తగ్గుతుంది. ఇంకో తిరకాసు రంగులో ఉంది. నల్లటి స్క్రీన్‌లోంచి బయట స్పష్టంగా కనిపిస్తుంది, కళ్లకి హాయిగా ఉంటుంది. తెల్లటిది వేడిని బాగా తిప్పికొడుతుంది కానీ ఎండ పడినప్పుడు అదే మెరిసిపోతూ బయటి దృశ్యాన్ని మసక చేస్తుంది.

ఉన్నవాటిని పారేయకండి. ఒకే బ్రాకెట్ మీద రెండు రోలర్లు పట్టేవి దొరుకుతాయి, ముందు స్క్రీన్, వెనకాల మూసుకుపోయే బట్ట. పగలొకటి, రాత్రొకటి. కొత్తగా వేయించుకునే గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకైతే నేను తెర పై అంచుని కూడా కిందికి దించుకోగలిగే రకం చెబుతాను, తేనెపట్టు గదుల్లా ఉండే హనీకోంబ్‌లో, మడతల బ్లైండ్స్‌లో వస్తుంది. కింది సగం మూసి పై సగం తెరిచి ఉంచుకుంటే ఆకాశం, వెలుగు మీవి, దారిన పోయేవాళ్లకి మాత్రం మీ తెరే కనిపిస్తుంది. ఏది కొన్నా ముందు నమూనా ముక్క అడిగి తెచ్చుకోండి. రాత్రి లైటేసి, ఇంట్లో ఎవరినైనా ఆ ముక్క అద్దానికి పట్టుకుని నిలబడమని, మీరు వీధిలోకి వెళ్లి చూడండి. షాపులో ట్యూబ్‌లైట్ కింద చూసి తేల్చుకునే విషయం కాదిది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఆర్డర్ ఇచ్చాం. కిటికీ వెడల్పు జాగ్రత్తగా కొలిచి, ఇరుక్కోకుండా ఉండాలని ఒక సెంటీమీటరు తగ్గించి పంపాం. వచ్చింది చూస్తే రెండు పక్కలా బోలెడు ఖాళీ. కొలత మాదే తప్పంటున్నారు.

జవాబు: వాళ్ల ఫారంలో అడిగింది కిటికీ సైజా, బ్లైండ్ సైజా అన్నది ఒకసారి చూడండి. కిటికీ సైజు అడిగితే ఇరుక్కోకుండా తగ్గించే పని వాళ్లదే. మీరూ తగ్గించి, వాళ్లూ తగ్గించి, పైగా బ్రాకెట్ల కోసం బట్ట ఇంకాస్త తగ్గి, అంతా కలిసి ఆ ఖాళీ. ఎవరు తగ్గించాలో వాళ్లచేతే ముందు రాతపూర్వకంగా చెప్పించుకుంటే ఈ గొడవ ఉండదు.

కొలవడం మాత్రం ఇలా. స్టీల్ టేపు వాడండి, కుట్టు టేపు సాగుతుంది. ఫ్రేమ్ లోపల బిగించేటట్టయితే వెడల్పు పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, కింద ఒకసారి కొలవాలి. గోడలు నిట్టనిలువుగా ఉంటాయని మనం అనుకుంటాం గానీ టేపు పెడితే పైన 118.4, మధ్యలో 118, కింద 117.6 అని వస్తుంది. అన్నిటికంటే చిన్నది, 117.6, అదే ఇవ్వండి. పెద్దది ఇచ్చారో, కింది పట్టీ సగంలో గోడకి రాసుకుంటూ ఆగిపోతుంది. ఎత్తు కూడా మూడు చోట్ల కొలవండి. తర్వాత గోడ మందం చూడండి, బ్రాకెట్ కూర్చునేంత లోతు ఉందా, కిటికీ గొళ్లెం, హ్యాండిల్ బట్టకి తగులుతాయా, రెక్కలు లోపలికి తెరుచుకుంటాయా అని. లోపలికి తెరుచుకునే రెక్కలకి ఫ్రేమ్ లోపల రోలర్ బిగిస్తే ఆ కిటికీ ఇక తెరిచినట్టే! హ్యాండిల్ మాత్రమే అడ్డం వస్తుంటే, బట్ట గొట్టానికి ముందువైపు నుంచి దిగేలా చుట్టి ఇవ్వమనండి, కొంత దూరం దొరుకుతుంది.

ప్రశ్న: మూడు మీటర్ల కిటికీకి ఒకటే రోలర్ బాగుంటుందా, రెండు ముక్కలా?

జవాబు: రెండు. పొడుగు గొట్టం సన్నగా ఉంటే మధ్యలో వంగి బట్ట ముడతలు పడుతుంది. రెండింటి మధ్య సందు ఫ్రేమ్‌లో నిలువు కమ్మీ మీదికి వచ్చేలా పెట్టిస్తే కంటికి ఆనదు.

ప్రశ్న: వచ్చే నెల్లో కొత్తింట్లోకి వెళ్తున్నాం. పాత ఓనరు వదిలేసిన బ్లైండ్స్ గట్టిగానే ఉన్నాయి, తాళ్లు కిందిదాకా వేలాడుతుంటాయి. మాకు రెండేళ్ల పాప. ముడేసి పైకి కట్టేస్తే చాలా?

జవాబు: చాలదు, ముడి వేస్తే ఇంకో ఉచ్చు తయారవుతుంది. ఈ విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. పిల్లలున్న ఇంట్లో తాడు గానీ పూసల గొలుసు గానీ అందేలా వేలాడకూడదు. మెడకి చుట్టుకుంటే కేక కూడా బయటికి రాదు, పక్క గదిలో ఉన్నా మీకు తెలియదు, నిమిషాల్లో అయిపోతుంది. అమెరికాలో ఇలాంటి మరణాల వల్లే, రెడీమేడ్ బ్లైండ్స్‌కి పిల్లల చేతికి అందే పొడుగు తాళ్లు ఉండకూడదన్న ప్రమాణం 2018 డిసెంబరులో వచ్చింది, కొలతలిచ్చి చేయించుకునేవాటికి 2024 జూన్ నుంచి. మీకు వచ్చిన పాతవి అంతకు ముందు తరహావి అయి ఉంటాయి.

కొత్తవి కొనే వీలుంటే తాడు లేనివి, కింది పట్టీ పట్టుకుని లేపితే లేచేవి, లేదా మోటారువి తీసుకోండి. అప్పటిదాకా గొలుసు ఉన్నవాటికి గోడకి బిగించే క్లిప్పు వేసి గొలుసు బిగుతుగా ఉండేలా చేయండి. తాడు ఉన్నవాటికి నేలనుంచి కనీసం 1.5 మీటర్ల ఎత్తున కొక్కెం కొట్టి మొత్తం తాడు దానికే చుట్టేయండి, ప్రతిసారీ. లేపితే బట్ట మడతలు పడుతూ పైకి వెళ్లే రోమన్ బ్లైండ్స్ అయితే వెనక్కి తిప్పి చూడండి, అక్కడ కూడా తాళ్లుంటాయి. ముఖ్యంగా ఉయ్యాల, మంచం, సోఫా ఏదీ కిటికీ కింద ఉంచొద్దు. 1.5 మీటర్లంటే నేలమీద నిలబడిన పాపకి, సోఫా ఎక్కిన పాపకి కాదు.

ప్రశ్న: వంటింటికి, బాత్రూమ్‌కి ఏది?

జవాబు: తుడిస్తే పోయేవి. అల్యూమినియం పట్టీలవి గానీ, చెక్కలా కనిపించే పీవీసీవి గానీ. అసలు చెక్క ఆవిరికి వంకర్లు పోతుంది, బట్ట జిడ్డునీ వాసననీ పట్టేస్తుంది. స్టవ్ పక్కనే కిటికీ ఉంటే అక్కడ ఏదీ వేయకండి, అద్దానికి మసక ఫిల్మ్ అంటించుకోండి.

ప్రశ్న: ఇంటినుంచే పని. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద కిటికీ ప్రతిబింబం పడి కళ్లు లాగుతున్నాయి. తెర దించితే పగలే లైటు వేసుకోవాలి. ఏం చేయను?

జవాబు: ముందు బల్ల తిప్పండి. కిటికీ మీ వీపు వెనకా వద్దు, ఎదురుగా వద్దు, పక్కకి రావాలి. సగం బాధ దాంతోనే పోతుంది, రూపాయి ఖర్చు లేదు. ఆ తర్వాత కూడా ఎండ నేరుగా బల్ల మీదికి వస్తుంటే అడ్డ పట్టీలుండే వెనీషియన్ బ్లైండ్ వేయించుకోండి, లేత రంగుది. పట్టీలకి గది వైపు అంచు పైకి, అద్దం వైపు అంచు కిందికి ఉండేలా తిప్పితే నేరుగా వచ్చే ఎండ ఆగిపోతుంది, వెలుగు మాత్రం సీలింగ్ మీదికి ఎగిరి గదంతా పరుచుకుంటుంది. సీలింగ్ తెల్లగా ఉంటే లైటు అవసరమే రాదు. దుమ్ము మాత్రం పడుతుంది, పాత సాక్సు చేతికి తొడుక్కుని ఒక్కో పట్టీ తుడుచుకోవాలి, ఆ ఓపిక లేకపోతే నల్లటి 3 శాతం స్క్రీన్ రోలర్ తీసుకోండి. గది కొంచెం మసగ్గా అనిపిస్తుంది కానీ మీ స్క్రీన్ కనిపిస్తుంది.