18వ శతాబ్దం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. చిన్న ప్రాంతీయ సొసైటీ సదస్సుకు వెళ్లడం దండగా?

అమెరికాలో రెండో ఏడు, డిపార్ట్‌మెంట్ ఏడాదికి ఒక్క ప్రయాణానికే డబ్బులిస్తుంది, జాతీయ సదస్సుకు దాచుకోవాలా అని అడిగారు. నా మాట వింటే చిన్నదానికే వెళ్లండి.

ఏఎస్ఈసీఎస్ (అమెరికన్ సొసైటీ ఫర్ ఎయిటీన్త్-సెంచరీ స్టడీస్) అనే, 18వ శతాబ్దాన్ని చదివేవాళ్ల జాతీయ సొసైటీ 1969 నుంచి ఉంది. దానికి అనుబంధంగా సౌత్‌ఈస్టర్న్, మిడ్‌వెస్టర్న్ అంటూ ప్రాంతాలవారీ సొసైటీలున్నాయి. సాహిత్యం వాళ్లు, చరిత్ర వాళ్లు, సంగీతం, చిత్రకళ వాళ్లు అందరూ వస్తారు. శతాబ్దం అంటే నూరేళ్లే అనుకోకండి, అటు 1660 నుంచి ఇటు 1830 దాకా లాగేస్తారు.

నేను వెళ్లింది అలాంటి ప్రాంతీయ సొసైటీల్లో ఒకటైన ఈస్ట్-సెంట్రల్ వాళ్ల సదస్సుకి. మొదటి రాత్రి పేపర్లుండవు. అందరూ కూర్చుని ఆ కాలపు పద్యాలు, నాటకాల ముక్కలు గొంతెత్తి చదువుతారు. పుస్తకాల మీద పేర్లు చూసి నేను భయపడే ప్రొఫెసర్లు పాత్రలు పంచుకుని నవ్వుకుంటుంటే నాకు సగం టెన్షన్ అక్కడే పోయింది.

మిగతా సగం మర్నాడు పొద్దున వచ్చింది. నా పేపర్ 1721 నాటి ఇంగ్లండ్ కాలికో (నూలు బట్ట) చట్టం మీద. మన దేశపు అద్దకం బట్టలు తమ పొట్ట కొడుతున్నాయని లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ పేట నేతగాళ్లు 1719లో వీధుల్లో ఆడవాళ్ల ఒంటి మీది గౌన్లు చింపేశారు. రెండేళ్లకే ఆ బట్ట కట్టడం మీద నిషేధం వచ్చింది, 1774 దాకా పోలేదు. ఇరవై నిమిషాల టైమిస్తే నేను పద్నాలుగు పేజీలు పట్టుకెళ్లాను. సెషన్ నడిపే అధ్యక్షురాలు ఇంక రెండే నిమిషాలని రెండు వేళ్లు చూపించగానే కంగారుపడి మచిలీపట్నం గురించిన పేజీ మొత్తం దాటేశాను.

గదిలో తొమ్మిది మందే. ముందు వరసలోని పెద్దాయన అడిగారు: "ఈ బట్ట నేసి, రంగులద్దిన ఊళ్లో దాన్ని ఏమని పిలిచేవాళ్లు?" నేను దాటేసిన పేజీలో కూడా దానికి జవాబు లేదు! పేపర్ నిండా పార్లమెంటూ పాంప్లెట్లే.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. మా అమ్మమ్మగారిది మచిలీపట్నం దగ్గరి పెడన. "అద్దకం అంటాం, ఇంకేమంటాం? ఎరుపు చిరివేరుతో వచ్చేదట, మీ తాతయ్య చెప్పేవారు" అంది. మర్నాడు కాఫీ దగ్గర ఆయన్ని వెతికి పట్టుకుని ఈ మాట చెబితే, జేబులోంచి కార్డు తీసి చిరివేరు అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయించుకున్నారు. ఏ రికార్డుల్లో వెతకాలో కార్డు వెనక రాసిచ్చారు. మూడు వారాల తర్వాత నా చాప్టర్ చదివి పంపారు, మార్జిన్ల నిండా పెన్సిల్ గీతలతో. పెద్ద సదస్సులో ఆయన చుట్టూ ఉండే గుంపులో నేను దగ్గరికి కూడా వెళ్లలేకపోయేదాన్ని.

పేపర్ ఎనిమిది పేజీలు దాటనివ్వకండి. విద్యార్థుల పేపర్లకి బహుమతి కూడా ఉంటుంది, అడిగి పేరివ్వండి. హోటల్ గది ఇంకో విద్యార్థినితో పంచుకుంటే ఖర్చు సగం. నాకు రాని బహుమతి నా రూమ్మేట్‌కి వచ్చింది, ఆ డబ్బుతో ఇద్దరం బిర్యానీ తిన్నాం.