ఎత్తు పెంచిన జిప్సీకి షాఫ్టు మోత

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మారుతి జిప్సీకి ఎత్తు కోసం, కమాను కట్టల కొసను ఛాసిస్‌కు తగిలించే షాకిళ్లు నాలుగు మూలలా 2 అంగుళాలు పొడవైనవి వేయించావు. ఇప్పుడు 70 దాటగానే కింద నుంచి గుంయ్‌మని మోత, సీటు కింద వణుకు. మెకానిక్కేమో యాక్సిల్‌కు శక్తి మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టే మార్చాలంటున్నాడు. తొందరపడకు అల్లుడూ. షాఫ్టు వాలు తప్పిన చోట కొత్తది వేసినా అదే మోత వస్తుంది, పైగా కొత్త క్రాసులు (కొసల్లో వంగుతూ తిరగనిచ్చే జాయింట్లు) కూడా త్వరగా అరుగుతాయి.

ముందు ఆ మోత ఏ జాతిదో తేల్చుకో. గేరు వేసి క్లచ్ వదిలేటప్పుడు ఒక్కసారి ఠక్కుమంటే క్రాసులోనో, స్ప్లైన్లలోనో (షాఫ్టు ముక్కలు ఒకదాంట్లో ఒకటి జారే గాడి పళ్లు), డిఫరెన్షియల్ పళ్లలోనో ఆట ఉన్నట్టు. నెమ్మదిగా పోతున్నప్పుడు పిట్టలా కిచకిచమంటే క్రాసు కప్పులో గ్రీజు ఎండిపోయింది. కప్పు అంచున తుప్పు రంగు పొడి కనిపిస్తుంది, చూడు. రోడ్డు మారితే మోతా మారుతోందంటే అది టైరుది, దాని జోలికి పోవద్దు. నీలాగా ఒక వేగం దగ్గర మొదలయ్యే గుంయ్ అయితే యాక్సిలరేటరుతో పరీక్షించు. కాలు తీసినప్పుడు, నొక్కినప్పుడు మోత బాగా మారితే అనుమానం వాలు మీదికి పోతుంది. కాలు ఎక్కడున్నా వేగంతో పాటు పెరుగుతూనే ఉంటే బ్యాలెన్సు చూడాలి. షాఫ్టుకు అంటిన బురద, ఊడిపోయిన బ్యాలెన్సు ముక్క కూడా ఆ పని చేస్తాయి.

ముందుదో వెనకదో తేలకపోతే ముందు షాఫ్టు విప్పి, వెనక చక్రాలే లాగే టూ వీల్‌లో ఖాళీ రోడ్డు మీద తోలి చూడు. మోత పోతే దొంగ ముందున్నాడు. పోకపోతే అది బిగించి, వెనక షాఫ్టు విప్పి, నాలుగు చక్రాలకూ శక్తి పంపే ఫోర్ హైలో అదే వేగంతో తోలు. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే శక్తిని ముందు వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె, గేరుబాక్సు నుంచి విడిగా ఉంటుంది కదా, ఆ రెండింటినీ కలిపే పొట్టి షాఫ్టు ఒకటుంది. చాలామంది దాని ముఖమే చూడరు. నువ్వు చూడు. ఇంకో మాట: వెనక షాఫ్టు విప్పాక టూ వీల్‌లో ఉన్న బండిని గేరులో పెట్టినా ఆగదు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టకుండా కిందికి దూరావో, మీ అమ్మకు జవాబు చెప్పాల్సింది నేను.

ఇక అసలు సంగతి. కమాను కట్ట వెనక కొసన షాకిలు పొడవైతే ఆ కొస కిందికి దిగుతుంది. మధ్యలో కూర్చున్న యాక్సిల్ హౌసింగు దాంతో పాటే తిరిగి, షాఫ్టు వచ్చి తగిలే పీనియన్ ముక్కు పైకి లేస్తుంది. కట్ట ఒక కొసే దిగింది గనక బండి లేచింది అందులో సగం, ఒక్క అంగుళమే, ముక్కు మాత్రం దాదాపు 3 డిగ్రీలు లేచి ఉంటుంది. అమెరికా వాళ్ల జీపుల వీడియోలు చూసి "ముక్కు షాఫ్టుకు సూటిగా ఉంటే మంచిదేగా" అన్నావు. వాళ్లు ఎత్తిన రాంగ్లర్లకు ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర రెండు క్రాసులు పక్కపక్కన ఉండే డబుల్ కార్డన్ జాయింటు పెడతారు. దానికి ఆ లెక్క సరే. నీ షాఫ్టుకు కొసకో క్రాసు. వంగిన క్రాసు షాఫ్టును ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగంగా, రెండుసార్లు నెమ్మదిగా తిప్పుతుంది. రెండో కొస వంపు మొదటిదానితో సమానంగా ఉంటేనే ఆ తేడా అక్కడ చెల్లిపోతుంది. కాబట్టి నీకు కావాల్సింది సూటి కాదు, సమానం.

కొలవడానికి అయస్కాంతం ఉన్న యాంగిల్ మీటరు చాలు. బండి చదునైన నేల మీద, బరువు చక్రాల మీదే ఉండాలి. జాకీ మీద వేలాడే హౌసింగును కొలిచిన అంకెలు చెత్తబుట్టకే. ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజి (షాఫ్టును బిగించే బిళ్ల), షాఫ్టు గొట్టం, పీనియన్ ఫ్లాంజి, ఈ మూడింటి వాలూ రాసుకో. ఉదాహరణకు వరసగా 4, 10, 7 వచ్చాయనుకో. ముందు క్రాసు వంపు 10 లోంచి 4 పోగా 6, వెనకది 10 లోంచి 7 పోగా 3. తేడా 3 డిగ్రీలు. ఒకటి లోపు ఉండాలి. కట్టకూ యాక్సిల్‌కూ మధ్య 3 డిగ్రీల వెడ్జి, అంటే ఒక వైపు లావుగా ఉండే పలక, వేసి ముక్కు దించితే రెండూ 6 అవుతాయి. హైవే మీద వంపు 3 డిగ్రీల లోపు ఉంటే మేలు, 6 ఎక్కువే. కానీ ఎత్తు కావాలన్నది నువ్వు, ఆ మాత్రం భరించు.

వెడ్జి ఉక్కుదే తీసుకో, అల్యూమినియంది పగులుతుంది. జిప్సీకి కట్టలు యాక్సిల్ కింద ఉంటాయి గనక లావు వైపు వెనక్కి రావాలి. కట్టలు యాక్సిల్ మీదికి మార్చిన బండి అయితే దీనికి తలకిందులు. పొడవైన సెంటర్ బోల్టు వెయ్యి, కొన్నాళ్లు తోలాక యూ బోల్టులు మళ్లీ బిగించు. ముందు యాక్సిల్‌కు మాత్రం వెడ్జి జోలికి నీ అంతట నువ్వు పోకు. అక్కడ ముక్కు తిరిగితే కాస్టరూ (స్టీరింగును సూటిగా నిలిపే వాలు) తిరిగి స్టీరింగు నిలవదు.

షాఫ్టు విప్పే ముందు, దాని పొడవు సర్దుకునే స్లిప్ జాయింటు రెండు ముక్కల మీదా ఒకే గీతగా పెయింటు పెట్టు. బిగించాక రెండు కొసల్లో క్రాసును పట్టే యోకు చెవులు ఒకే వరసలో ఉండాలి. ఒక్క స్ప్లైను తప్పినా గుంయ్ తప్పదు. గ్రీజు కొట్టాలని విప్పి గీత లేకుండా తగిలించే పుణ్యాత్ములు ప్రతి షెడ్డులోనూ ఉంటారు. నీ మెకానిక్ షాకిళ్లు వేసేటప్పుడు షాఫ్టు ఊడదీశాడేమో అడుగు. క్రాసుకు గ్రీజు గన్ను పెడితే నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి రావాలి. మూడింట వచ్చి ఒకదాంట్లో రాకపోతే ఆ క్రాసు మార్చెయ్యి. కొత్తది ఎక్కించేటప్పుడు కప్పు లోపలికి దిగక సర్‌క్లిప్పు గాడి కనిపించకపోతే సుత్తి ఎత్తకు. లోపల నీడిల్ (సూదిలాంటి బేరింగు కడ్డీ) ఒకటి అడ్డం పడి ఉంటుంది. కప్పు తీసి, గ్రీజుతో నీడిళ్లను గోడకు అంటించి మళ్లీ తొడుగు.

అంతా అయ్యాక ఛాసిస్‌ను ఎత్తి, యాక్సిల్ పూర్తిగా వేలాడేలా వదిలి, షాఫ్టును చేత్తో ఒక చుట్టు తిప్పు. ఎక్కడైనా పట్టేస్తే అనంతగిరి ఘాట్ ఎక్కే ఆలోచన మానుకో.

ఆ మూడు అంకెలూ నాకు పంపు. వెడ్జి ఎన్ని డిగ్రీలదో అప్పుడు చెబుతాను. ఈ లోపు షాఫ్టుకు అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య