దూలంలో కమ్మీలు కిందే ఎందుకు?

ప్రశ్న: ఇల్లు కట్టిస్తున్నాం. దూలాలకు మేస్త్రీ లావు కమ్మీలు కింద వేశాడు, బాల్కనీ దూలానికి మాత్రం పైన వేశాడు. పొరపాటు చేశాడేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పొరపాటేమీ లేదండీ, మీ మేస్త్రీకి పని తెలుసు. కాంక్రీటును నొక్కితే బాగా తట్టుకుంటుంది కానీ సాగదీస్తే ఊరికే పగులుతుంది, సాగుడును తట్టుకునే బలం నొక్కుడును తట్టుకునే దాంట్లో సుమారు పదో వంతే. రెండు స్తంభాల మధ్య దూలం మీద బరువు పడితే అది కాస్త కిందికి వంగుతుంది, అప్పుడు పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది, ఆ సాగుడును మోయడానికే కింద కమ్మీలు. బాల్కనీ దూలం ఒక చివరే పట్టుకుని ఉంటుంది కాబట్టి దానికి సాగేది పైభాగం. అక్కడ కూలీలు తొక్కి పై కమ్మీలు కిందికి దిగిపోతే మాత్రం చాలా ప్రమాదం, కాంక్రీటు పోసేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. దూలం స్తంభం మీదుగా పక్క గదికి కొనసాగితే, ఆ స్తంభం దగ్గర కూడా పైనే కమ్మీలు కావాలి.

పొడవు కమ్మీల చుట్టూ వేసే సన్న కమ్మీ రింగులు వాటిని కట్టి ఉంచడానికే అనుకుంటారు చాలామంది. కాదు, స్తంభాల దగ్గర వచ్చే ఏటవాలు పగుళ్లను ఆపేవి అవే, అందుకే అక్కడ దగ్గరదగ్గరగా వేస్తారు.

కవర్ బ్లాకులు, అంటే కమ్మీ అచ్చు పలకకు ఆనకుండా మధ్యలో పెట్టే చిన్న దిమ్మలు, మానొద్దు. కమ్మీ బయటికి కనిపించేంత దగ్గరగా ఉంటే తేమకు తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది.