ఆరు నిమిషాలు చాలడం లేదన్నవారికి

డిటెక్టివ్ వీడియో గేమ్ 'ఏఐ: ది సోమ్నియం ఫైల్స్'లో ఆధారాల కోసం ఇతరుల కలలోకి దిగిన ప్రతిసారీ, ఇచ్చిన ఆరు నిమిషాలూ అయిపోతున్నాయని, దీన్ని వదిలేసి రెండో భాగానికి వెళ్లాలా అని అడిగారు. దయచేసి వదలకండి. కలలో మీరు నడిపించే పాత్ర ఐబా కదలకుండా నిలబడితే గడియారం దాదాపు ఆగిపోతుంది. అక్కడే నిలబడి చుట్టూ చూసి, ఆలోచించుకున్నాకే అడుగు వేయండి. ఏ పనికి ఎన్ని సెకన్లు పడుతుందో తెర మీదే కనిపిస్తుంది. పనులకు పట్టే సమయాన్ని మార్చేందుకు ఆటలో దొరికేవి టైమీలు. సమయాన్ని సగానికి తగ్గించే టైమీని అరవై సెకన్ల పనికి వాడితే ముప్ఫై సెకన్లు మిగులుతాయి, ఆరు సెకన్ల పనికి వాడితే మూడే. సమయాన్ని పెంచే చెడ్డ టైమీ వస్తే మాత్రం వెంటనే ఏదో చిన్న పని మీద వదిలించుకోండి.

2022లో వచ్చిన రెండో భాగం 'నిర్వాణ ఇనిషియేటివ్' మొదట్లోనే పాత కథ మీకు తెలుసా అని అడుగుతుంది, తెలియదంటే ఆ రహస్యాలను దాచిపెడుతుంది. కాబట్టి నేరుగా ఆడినా అర్థమవుతుంది. అందులో కలల పజిల్స్ ఇంకా వైవిధ్యంగా ఉంటాయి, నిజమే. కానీ రంగులరాట్నం గుర్రం మీద ఎడమ కన్ను లేని శవంతో మొదలయ్యే ఆ తొలి కథే నాకు గొప్పది. మిజుకి అనే పాత్రను అక్కడ చిన్నపిల్లగా చూశాకే రెండో భాగంలో పెద్దయిన మిజుకి మీద మమకారం పుడుతుంది.